బుర్రకథ గురువులు: పొన్నెకల్లు నుంచి తాడేపల్లిగూడెం దాకా

బుర్రకథ ముగ్గురు నిలబడి చెప్పే కథాగానం. నడుమ కథకుడు, అతనికి అటొకరు ఇటొకరు వంతలు. పాట, మాట, ఆట, వాద్యం అన్నీ ఆ ముగ్గురివే. కోస్తా ఆంధ్రలో 1940ల నుంచి ఇప్పటి రూపంలో నిలదొక్కుకున్న ఈ కళ గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఊరూరా వినిపించింది. దీన్ని జీవనోపాధిగా ఎంచుకున్న కళాకారులు పాడినంత కాలమూ నేర్పుతూనే ఉన్నారు. ఆధునిక బుర్రకథకు దారి వేసిన షేక్ నాజర్ (1920–1997), తాడేపల్లిగూడెంలో స్థిరపడి 2025లో మరణానంతరం పద్మశ్రీ పొందిన మిరియాల అప్పారావు ఈ పరంపరకు రెండు కొసల్లాంటి వాళ్లు. ఇద్దరి వృత్తి జీవితాలనూ, వాళ్ల పాటను విని బతికించిన ఏలూరు, కొల్లేటి సీమనూ కలిపి చూస్తేనే ఈ కళలో గురువు స్థానం ఏమిటో తెలుస్తుంది.

ముగ్గురి పాట

కథకుడి భుజాన తంబుర, చేతిలో అందెలు, కాళ్లకు గజ్జెలు. తలపాగా, దానికి తురాయి, ఒంటి మీద అంగరఖా, నడుముకు బిగించిన పట్టీ. అందెలు బోలుగా ఉండే లోహపు కడియాలు, లోపల చిన్న గుళ్లు ఉంటాయి. ఒకదానికొకటి తగిలించి కథకుడు తన తాళం తానే వేసుకుంటాడు. రెండడుగులు ముందుకీ, రెండడుగులు వెనక్కీ వేస్తూ పాడతాడు. యుద్ధఘట్టం వచ్చినప్పుడు అడుగు పెద్దదవుతుంది, తంబుర కాసేపు కత్తి అవుతుంది, కాసేపు గుర్రపు కళ్లెం అవుతుంది.

వంతల దగ్గర గుమ్మెటలు ఉంటాయి. డక్కీలనీ, బుడికెలనీ కూడా అంటారు. మట్టితోనో ఇత్తడితోనో చేసి చర్మం బిగించిన వాద్యాలవి. చలికాలపు రాత్రి, అందులోనూ చెరువుగట్టు పక్కన పందిరి వేసినప్పుడు, తేమకు చర్మం సడలిపోతుంది. దరువు మొద్దుబారుతుంది. అందుకని కథ మొదలయ్యే ముందు నాలుగు పుల్లలు రాజేసి గుమ్మెటను ఆ సెగకు తిప్పుతూ కాచుకుంటారు. వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కాస్తారు. కొత్తగా చేరిన పిల్లవాడికి గురువు ముందుగా అప్పగించే పని తరచూ ఇదే. శ్రుతి అంటే ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.

ఇద్దరు వంతల పనీ ఒకటి కాదు. కుడివైపు నిలబడేది రాజకీయ వంత. కథ పల్నాడులో జరుగుతున్నా, బొబ్బిలిలో జరుగుతున్నా, దాన్ని ఈనాటి ధరలకీ, దొరలకీ, ఎన్నికలకీ ముడిపెట్టి వ్యాఖ్యానించడం అతని వంతు. ఎడమవైపు నిలబడేది హాస్యపు వంత. కథకుడు ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టి జనాన్ని నవ్వించడం, మళ్లీ కథలోకి తెచ్చి నిలబెట్టడం అతని బాధ్యత. ప్రేక్షకుడు నవ్వుతుండగానే చప్పున కన్నీటి ఘట్టం ఎత్తుకునే దళమే గట్టి దళం. ఈ మూడు పాత్రల కూర్పే బుర్రకథను తక్కిన కథాగానాల నుంచి వేరు చేసింది. హరికథలో దాసు ఒక్కడే అన్నీ తానై నడిపిస్తాడు. బుర్రకథలో కథకుడు ఎంత గొప్పవాడైనా వంత బలహీనపడితే కథ కూలిపోతుంది. అందుకే ఇక్కడ కథకుడు గురువు కూడా అయితీరాలి. తన పక్కన నిలబడేవాడిని తయారు చేసుకోనిదే అతని వృత్తి సాగదు.

జంగం కథ నుంచి ఊరి సభకు

బుర్రకథకు మాతృక జంగం కథ. జంగాలు తంబుర, అందెలు పట్టి ఊళ్లు తిరుగుతూ చెప్పిన కథల్లో బొబ్బిలి కథ, దేశింగు రాజు కథ, కామమ్మ కథ, బాలనాగమ్మ కథ లాంటివి జనం నోళ్లలో నిలిచాయి. తంబుర కథ, తందాన కథ అన్న పేర్లూ ఉన్నాయి. 1940ల తొలి ఏళ్లలో కమ్యూనిస్టు కార్యకర్తలు ఈ పాత రూపాన్ని తీసుకుని కొత్త కథ పోశారు. కాకుమాను సుబ్బారావు దళం చెప్పిన ‘టాన్యా’ వాటిలో తొలినాళ్లది. నాజీ సైన్యానికి చిక్కి ఉరికంబమెక్కిన సోవియట్ గెరిల్లా యువతి కథ అది. 1943లో వాళ్ల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక, డాక్టర్ గరికపాటి రాజారావు లాంటి వాళ్ల నాయకత్వంలో, నాటకంతో పాటు బుర్రకథ కూడా ఉద్యమానికి గొంతు అయింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథలు రాశారు. మోటూరి ఉదయం నాయకత్వాన ఆడవాళ్ల దళం వేదికెక్కింది. అప్పటిదాకా వీధి కళాకారులను చూసే చూపు వేరు. చదువుకున్న కుటుంబాల ఆడపిల్లలు గజ్జె కట్టి వందలమంది ముందు గుమ్మెట వాయించడం ఆ రోజుల్లో చిన్న తెగువ కాదు.

ఈ కథలు పాలకులకు కంటగింపయ్యాయి. నిజాం రాజ్యంలోనూ, మద్రాసు రాష్ట్రంలోనూ బుర్రకథ మీద నిషేధాలు పడ్డాయి. కళాకారులు కేసులకూ, అజ్ఞాతానికీ అలవాటుపడ్డారు. అక్షరం రానివాడికి సైతం ఒక్క రాత్రిలో చరిత్ర, రాజకీయం, హక్కు అర్థమయ్యేలా చెప్పే బలం ఈ ప్రక్రియకు ఉందని ఆ నిషేధాలే తేల్చాయి.

షేక్ నాజర్

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న పుట్టిన నాజర్ దూదేకుల కుటుంబం వాడు. దూది ఏకి బతికే ఆ కులాన్ని ఊళ్లలో పింజారి అని చిన్నచూపుగా పిలిచేవారు. అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన తన జీవితకథకు అదే మాటను పేరుగా నిలబెట్టడంలో నాజర్ ఆత్మగౌరవం కనిపిస్తుంది. చిన్నప్పుడే గొంతు బాగుందని గమనించిన హార్మోనిస్టు ఖాదర్ అతన్ని నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర సంగీతానికి చేర్పించాడు. పేదరికం ఆ చదువును నిలకడగా సాగనివ్వలేదు. కానీ సంప్రదాయ సంగీతపు ఆ పునాదే తర్వాత నాజర్ బుర్రకథకు ప్రాణమైంది. జంగం కథ వరుసలు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వరుసల్లో రాగం తెలిసి, రసం తెలిసి, ఏ ఘట్టానికి ఏ బాణీ ఎత్తుకోవాలో లెక్కగా తెలిసినవాడు నాజర్.

నాటకాల్లో ఆడవేషాలు, పాటలు, హార్మోనియం దాటుకుని నాజర్ బుర్రకథకు వచ్చాడు. రామకోటి, పురుషోత్తం వంతలుగా అతని దళం కుదిరింది. 1943 బెంగాల్ కరువు మీద చెప్పిన కథ పేరు తెచ్చింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు అతని గొంతులో స్థిరపడిపోయాయి. పల్నాటి యుద్ధం నాజర్ స్వయంగా రాసుకున్నది. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం చెప్పిన అల్లూరి కథ బుర్రకథను చూడని ఊళ్లకు కూడా తీసుకెళ్లింది. సినిమాలో ఆ కొద్ది నిమిషాలు చూసినా నాజర్ పద్ధతి అర్థమవుతుంది. వేగం పెరుగుతున్నకొద్దీ మాట స్పష్టత తగ్గదు. ఒక్క అక్షరం మింగడు. వేల మందికి మైకు సరిగా అందని రోజుల్లో నేర్చుకున్న క్రమశిక్షణ అది.

నాజర్‌ను బుర్రకథ పితామహుడని పిలుస్తారు. ఆ బిరుదుకు అసలు కారణం ప్రదర్శనల సంఖ్య కాదు, శిష్యుల సంఖ్య. పిలిచిన ఊరికల్లా వెళ్లి యువకులకు కథ నేర్పాడు, దళాలు కట్టించాడు. అడుగు ఎక్కడ పడాలి, వంత ఎప్పుడు అందుకోవాలి, వచనం ఎక్కడ ఆపి పాట ఎత్తుకోవాలి అన్నవన్నీ అంతకుముందు ఒక్కో దళానికి ఒక్కోలా ఉండేవి. నాజర్ శిక్షణతో అవి ఒక పద్ధతికి వచ్చాయి. ఆ తర్వాత ఆంధ్ర దేశంలో బుర్రకథ పట్టినవాళ్లలో నేరుగానో, వినికిడి ద్వారానో నాజర్ బాణీ సోకనివాళ్లు అరుదు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో నాజర్ కన్నుమూశాడు. పద్మశ్రీ వచ్చేనాటికి 66 ఏళ్లు. ఉద్యమం చల్లబడ్డాక గడిచిన నడిమి దశాబ్దాల్లో ఈ కళాకారుడు చవిచూసిన ఇబ్బందులు ‘పింజారి’ చదివితే తెలుస్తాయి. తెలుగులో వచ్చిన కళాకారుల ఆత్మకథల్లో దాని స్థానం చాలా ఎత్తైనది.

కొల్లేటి సీమ, ఏలూరు: విన్న జనం

గాయకుడి వృత్తికి ఊళ్లే ఆధారం. ఈ ప్రాంతంలో బుర్రకథ బతకడానికి ముఖ్యమైన అండ జాతర. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గుణ మాసంలో జాతర. ఏలూరులో ఏడేళ్లకొకసారి గంగానమ్మ జాతర. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు సంక్రాంతికి మొదలై నెల రోజులకు పైగా నడుస్తాయి. నాటకం, హరికథ, బుర్రకథ ఆ వేదిక మీద వంతులవారీగా వస్తాయి. ద్వారకాతిరుమలలో వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి కల్యాణోత్సవాలు. వీటికి ఊరూరి అమ్మవారి కొలుపులు, శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి పందిళ్లు తోడు. బయానా పుచ్చుకుని తేదీలు రాసుకునే దళానికి సంక్రాంతి నుంచి వేసవి వరకు పంట కాలం. వానలు మొదలై నాట్లు పడ్డాక పందిళ్లు తగ్గిపోతాయి. ఆ నెలలు గడవడమే బుర్రకథ కుటుంబానికి ఏటేటా వచ్చే పరీక్ష.

ఇక్కడి జనం కథలోని మనుషులను తమవాళ్లుగా విన్నారు. అల్లూరి సీతారామరాజు 1897లో విశాఖ వైపు పాండ్రంగిలో పుట్టినా, ఆయన ఇంటివాళ్ల ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. మన్యంలో 1922లో లేచి 1924 మేలో నేలకొరిగిన ఆ వీరుడి కథ పశ్చిమ గోదావరి పందిట్లో మొదలైతే, ముసలివాళ్లు ఊరి బంధుత్వాలు తవ్వుకుంటూ వినేవారు. 2022 జూలైలో భీమవరంలో ఆయన 30 అడుగుల కాంస్య విగ్రహం ఆవిష్కరించారు. ఆ పేరును జనంలో నిలబెట్టిన తంబురకు విగ్రహం కన్నా ఎన్నో ఏళ్ల వయసు ఎక్కువ.

కొల్లేరుకు దాని సొంత గాథ ఉంది. గజపతి రాజుల కోట కొల్లేటి నడుమ కొల్లేటికోటలో ఉండేదనీ, నీళ్లు అడ్డుగా ఉండటంతో శత్రువులు దాన్ని పట్టలేకపోయారనీ చెబుతారు. చిగురుకోట వద్ద దిగిన శత్రు సేనాని సరస్సు నీటిని సముద్రంలోకి వదలడానికి కాలువ తవ్వించాడట. అదే నేటి ఉప్పుటేరు. పని నెరవేరాలని కన్న కూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ చోటికి పేరంటాళ్ల కనుమ అని పేరు వచ్చిందనీ గాథ. వీరం, ద్రోహం, కన్నకడుపు శోకం ఒకేచోట ఉన్న కథ ఇది. బుర్రకథకు ఇంతకంటే తగిన వస్తువు దొరకదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటినీ, ఉప్పుటేరు మోసే నీటినీ, 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సునూ, 2002లో చిత్తడి నేలగా దక్కిన రామ్‌సర్ గుర్తింపునూ, 2006లో చేపల చెరువుల గట్లు తెంచిన ‘ఆపరేషన్ కొల్లేరు’నూ, దానివల్ల లంక గ్రామాల్లో మిగిలిన బతుకు పోరాటాన్నీ రాజకీయ వంత నోట వినాలి. పర్యావరణం మీద వంద కరపత్రాలు చెప్పలేనిది ఒక మంచి వంత చెప్పగలడు.

పట్నం ఏలూరుది మరో తీరు. వై.ఎం.హెచ్.ఎ. హాలు నాటకాలకు పేరుపడ్డ చోటు. అక్కడి ప్రేక్షకుడు పద్యం వినడానికి వస్తాడు, స్వరం తప్పితే ఊరుకోడు. లంక గ్రామంలో కథ గెలవాలంటే గుండె కావాలి, ఏలూరులో గెలవాలంటే సంగీతం కావాలి. ఈ రెండు రకాల సభలకూ ఒకే దళం తయారవ్వాల్సి రావడం వల్లే గోదావరి బుర్రకథకు పదును వచ్చిందని చెప్పవచ్చు.

మిరియాల అప్పారావు

కాకినాడ వైపు నడకుదురులో పుట్టిన మిరియాల అప్పారావు తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. అర్ధశతాబ్దికి పైగా బుర్రకథనే నమ్ముకుని వేల ప్రదర్శనలు ఇచ్చారు. ప్రజానాట్యమండలి తొలితరానికి ఉన్న ఉద్యమం అండ ఈ తరానికి లేదు. సినిమా, తర్వాత టీవీ, ఆ తర్వాత ఆర్కెస్ట్రా, రికార్డింగ్ డ్యాన్సు పందిళ్లను ఆక్రమించుకున్న కాలంలో ఈయన తంబుర పట్టి నిలబడ్డారు. నాజర్ కళను నిర్మించినవాడైతే, అప్పారావు తరంవాళ్లు దాన్ని కష్టకాలంలో కాపాడినవాళ్లు. రెండో పనికి పేరు తక్కువ, ఓర్పు ఎక్కువ.

తాడేపల్లిగూడెం ఇలాంటి కళాకారుడికి అనువైన ఊరు. గూడెం అంటే చుట్టుపక్కల వాళ్లకు ఉల్లిపాయల మార్కెట్టు, విజయవాడ–విశాఖ రైలు మార్గం, జాతీయ రహదారి. ఇటు భీమవరం, నరసాపురం డెల్టా, అటు ద్వారకాతిరుమల మెట్ట, పడమటికి ఏలూరు, తూర్పుకు రాజమండ్రి. ఏ ఊరి పందిరికైనా సాయంత్రం బయల్దేరి కథ చెప్పి తెల్లారేసరికి ఇంటికి చేరవచ్చు.

అప్పారావు 2025 జనవరిలో కన్నుమూశారు. కొద్ది రోజులకే, గణతంత్ర దినోత్సవం ముందురోజు వెలువడిన జాబితాలో ఆయన పేరు పద్మశ్రీకి ఉంది. పురస్కారం వచ్చినందుకు సంతోషించాలి. ఆ కబురు ఆయన చెవిన పడకపోవడం మాత్రం మన వ్యవస్థ నెమ్మదితనానికి గుర్తు. ఆ కాలంలోనే కథాగానానికి వరుసగా గుర్తింపులు వచ్చాయి: 2023లో హరికథకుడు కోట సచ్చిదానంద శాస్త్రికి, 2024లో హరికథా కళాకారిణి ఉమామహేశ్వరికి పద్మశ్రీలు దక్కాయి.

వంతగా నిలబడి నేర్చుకోవడం

బుర్రకథలో చదువు క్రమం స్థూలంగా ఇలా సాగుతుంది. ముందు దళం సామాను మోయడం, గుమ్మెట కాయడం, పల్లవి అందుకోవడం. కథకుడు ఒక చరణం ముగించగానే ఒకే శ్రుతిలో ఒకే బిగువుతో తందాన పట్టడం రావాలి. గొంతు కలవగానే దరువులు నేర్పుతారు. తర్వాత హాస్యపు వంత. జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ విసుగెత్తి లేస్తారో అక్కడే తెలుస్తుంది. దానికన్నా కష్టమైనది రాజకీయ వంత. పేపరు చదవాలి, ఊరి సంగతి కనుక్కోవాలి, ఎవరినీ నొప్పించకుండా నొప్పించాల్సినవాడికి తగిలేలా మాట్లాడాలి. ఇవన్నీ దాటాకే తంబుర చేతికొస్తుంది. కథ మొత్తం కంఠతా వచ్చేది కూడా పుస్తకం చూసి కాదు, గురువు పక్కన రాత్రుళ్లు నిలబడి విన్నందువల్ల. అప్పటికే గురువు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో శిష్యుడికి తెలిసిపోయి ఉంటుంది.

ఈ పద్ధతిలో గొప్పతనం ఉంది, ప్రమాదమూ ఉంది. ప్రదర్శనలు తగ్గిపోతే పాఠాలూ తగ్గిపోతాయి. హరికథకు పరిస్థితి కొంత మెరుగు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉండి ఆ కళకు శాస్త్రగౌరవం తెచ్చారు. గోదావరి తీరాన కపిలేశ్వరపురంలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలను ప్రత్యేకంగా తీర్చిదిద్దింది. బుర్రకథకు గోదావరి జిల్లాల్లో ఆ స్థాయి పాఠశాల లేదు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద కళల అధ్యయనానికి వరంగల్లులో పీఠం పెట్టింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ వంటి బృహద్గ్రంథం ఇచ్చారు. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్య పరిశోధనకు బాట వేశారు. అవి విలువైనవే. కానీ గ్రంథం చదివి గుమ్మెట దరువు నేర్చుకోలేరు.

బయటి దేశాల్లో ఇలాంటి చిక్కును ఎలా చక్కబెట్టుకున్నారో చూడటం మంచిది. స్కాట్లాండులో 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్కాటిష్ అధ్యయనాల పాఠశాల పెట్టారు. అక్కడి పరిశోధకుడు హేమిష్ హెండర్సన్ టేపు రికార్డరు పట్టుకుని సంచార జాతుల గుడారాల దాకా వెళ్లాడు. 1953లో అబర్డీన్‌లో అతనికి తారసపడిన జీనీ రాబర్ట్‌సన్ అలాంటి సంచార కుటుంబంలోని సాధారణ గృహిణి. తల్లి నేర్పిన పాత గాథాగేయాలు ఆమె గొంతులో ఉన్నాయి. 1968లో ఆమెకు బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం దక్కింది, 1975లో ఆమె కన్నుమూసింది. ఆమె పాటలు టేపుల్లో ఉన్నాయి, ఆ భాండాగారాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు. ఆమె ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని నేర్చుకున్న గాయకులు వేరే. తక్కువ కులమనీ, దేశదిమ్మరులనీ ఈసడించిన వాళ్ల దగ్గరే జాతి పాట భద్రంగా ఉందని అక్కడి పరిశోధకులు గుర్తించారు. దూదేకుల నాజర్‌నూ, జంగం కథకులనూ ఆ కళ్లతో చూసి, ప్రతి కథనూ పూర్తిగా, తెల్లవార్లూ, రికార్డు చేసి పెట్టిన భాండాగారం మనకు ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పటి స్థితి

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి బుర్రకథకు చోటు దక్కింది. కానీ రేడియో కథకు అరగంటో గంటో సమయం. రాత్రంతా సాగే కథ ఆ అరగంటకు కుదించుకుపోయింది. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎయిడ్స్ మీద అవగాహన కోసం ప్రభుత్వ శాఖలు దళాలను వాడుకున్నాయి. కళాకారులకు నాలుగు రూపాయలు దొరికాయన్న మాట నిజమే. అదే సమయంలో రాజకీయ వంతకు మూతి కట్టేసినట్టూ అయింది. ప్రభుత్వ పథకం గురించి చెబుతున్న దళం ప్రభుత్వాన్ని ప్రశ్నించలేదు. ప్రశ్నించే గొంతు పోయాక బుర్రకథ సగం బుర్రకథే.

2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. కళకు జిల్లా గీతలు లేవు కాబట్టి రెండు జిల్లాలూ కలిసి ఒక బుర్రకథ పాఠశాలను, దానికి అనుబంధంగా ఒక శబ్ద భాండాగారాన్ని పెట్టడం కష్టమైన పని కాదు. గురువుగా పనికొచ్చే కళాకారులు ఇంకా ఉన్నారు, కానీ వాళ్ల వయసు పెరుగుతోంది. ఆలోగా ప్రతి ఇంటివాళ్లూ చేయగలిగింది ఒకటుంది. ఏలూరు, గూడెం, కైకలూరు, భీమవరం చుట్టుపక్కల ఇళ్లలో పాత బుర్రకథ క్యాసెట్లు, తాతలు చేత్తో రాసుకున్న కథల నోటుపుస్తకాలు, జాతర కరపత్రాలు, దళాల ఫొటోలు ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. ఊరి గ్రంథాలయానికో, తెలుగు శాఖ ఉన్న కళాశాలకో ఇవ్వండి. ఈసారి మీ ఊరి జాతర కమిటీ లెక్కలు వేసుకునేటప్పుడు ఒక్క రాత్రి బుర్రకథకు కేటాయించమని అడగండి.